గొళ్ళెం ఎటువైపుది

ఆమె పేరు గొళ్ళెం.

ముద్దుపేరు కాదు. ఎగతాళికి ఎవరో తగిలించిందీ కాదు. కడుపులో ఉండగానే తల్లి పెట్టిన పేరు. ఏ భాషలోనో పువ్వు పేరేమోనని కొందరు, నక్షత్రమేమోనని కొందరు మర్యాదగా అడిగేవారు. "తలుపుకు ఉంటుందే, అదే" అనేది ఆమె. ఆ తర్వాత అడిగినవాళ్ళు తమ చేతులు చూసుకునేవారు.

ఆ పేరుకు ఆడా మగా లేదు. పుట్టేది ఎవరో తెలియకముందే అది సిద్ధంగా ఉంది. అది ఎదురుచూసింది బిడ్డ కోసం కాదు. ఒక మనిషి నోటి కోసం.

ఆ మనిషి అద్దకం కార్ఖానాలో మేస్త్రీ. ఆమె తండ్రి అతని కింద వేడిగదిలో పనిచేసేవాడు. తల్లి అదే కార్ఖానాలో మడత బల్ల దగ్గర, ఆరిన బట్టకు మడతలు వేసేది.

వేడిగదిలో గోడల పొడవునా ఆవిరి గొట్టాలు. కిటికీ లేదు. రంగులో ముంచి పిండిన తడి తానులు తెచ్చి లోపల దండేల మీద ఆరేయాలి. ఊపిరి పీలిస్తే ముక్కు లోపల కాలేది. మనుషులు కాసిని తానులు ఆరేసి, బయటికొచ్చి గాలి పీల్చుకుని, మళ్ళీ వెళ్ళేవారు. తలుపు తెరిచినప్పుడల్లా వేడి బయటికి పోయేది. వేడి పోతే బట్ట మీద రంగు మచ్చలుగా ఆరేది. బట్ట మీద మచ్చ పడితే మేస్త్రీ మీద మాట పడేది.

మేస్త్రీ ఒక ఉపాయం చేశాడు. తలుపుకు బయటివైపు గొళ్ళెం బిగించాడు. మనిషిని లోపలికి పంపి గొళ్ళెం పెట్టేవాడు. తానులన్నీ ఆరేయడం అయ్యాక తీసేవాడు. "తల్లి కడుపులో తొమ్మిది నెలలున్నారు, ఇక్కడ కాసేపుండలేరా" అనేవాడు. జనం నవ్వేవారు. నవ్వకపోతే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు.

ఏమవుతుందంటే, మర్నాడు పిలుపు ఉండదు. ఆ కార్ఖానాలో పొద్దున్నే గేటు మెట్టు మీద నిలబడి మేస్త్రీ ఒక్కొక్క పేరూ పిలిచేవాడు. పేరు వినపడినవాళ్ళు "ఉన్నా" అని లోపలికి నడవాలి. వినపడనివాళ్ళు ఇంటికి నడవాలి. ఎందుకు పిలవలేదని అడగకూడదు. పిలవందే ఎవరూ గేటు దాటకూడదు. పేర్లన్నీ అతనికి నోటికి వచ్చు. కాగితం ముట్టుకునేవాడు కాదు. "ఒక్క పేరు మరిచిపోతే మీసం తీయించుకుంటా" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా మీసం నిమురుకునేవాడు.

ఒకరోజు యజమాని కొత్త కారు కొని తెచ్చాడు. చూడటానికి మేస్త్రీ గేటు దగ్గరికి వెళ్ళాడు. వేడిగదిలో ఆమె తండ్రి ఒక్కడే ఉన్నాడు. బయట గొళ్ళెం పెట్టి ఉంది. లోపల ఆవిరి గొట్టం అతుకు ఊడింది.

మడత బల్ల దగ్గర యంత్రాల హోరు. ఆ హోరులో చప్పుడు వినపడలేదు. తలుపు అదరడం భార్యకు కనపడింది. పరుగెత్తింది. ఆ గొళ్ళేనికి చివర వంకర ఉంది. కొంచెం పైకెత్తి లాగితే తప్ప రాదు. అప్పటికే ఇనుము కాలిపోతోంది. ఆమె కుడి అరచేత్తో ఎత్తి లాగింది. చర్మం దాని మీద ఉండిపోయింది. తలుపు తెరుచుకుని ఆవిరితో పాటు అతను ఆమె కాళ్ళ మీద పడ్డాడు. ఆసుపత్రి దాకా బతకలేదు.

విచారణకు ఇద్దరు పెద్దమనుషులు వచ్చేసరికి తలుపుకు పచ్చరంగు వేసి ఉంది. బయటివైపు గొళ్ళెం లేదు. లోపలివైపు కొత్త గొళ్ళెం మెరుస్తోంది.

"బయట గొళ్ళెమా? ఎందుకుంటుందండీ, ఇదేమన్నా జైలా?" అన్నాడు మేస్త్రీ. పెద్దమనుషులు నవ్వారు. "లోపల గొళ్ళెం పెట్టుకుని పడుకున్నాడు. మంచివాడే పాపం, నిద్ర ఎక్కువ."

ఆమె కట్టు విప్పి అరచెయ్యి చూపించింది. "మరి ఇది?"

"కంగారులో గొట్టం పట్టుకున్నట్టుందండీ" అన్నాడు మేస్త్రీ జాలిగా.

మిగిలినవాళ్ళను అడిగారు. ఒకడు నేలచూపులు చూశాడు. ఒకడు దగ్గాడు. మర్నాటి పిలుపు అందరి గొంతుల్లోనూ అడ్డం పడింది. లోపల గొళ్ళెం పెట్టుకుని నిద్రపోయాడని తేల్చి పెద్దమనుషులు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు, బిడ్డ పుట్టి పెద్దయ్యాక పని ఇస్తానని వాళ్ళ ముందు యజమాని మాట ఇచ్చాడు.

ఇంటికి వచ్చి ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. నిండు నెలలు. మంచినీళ్ళు తెచ్చిన ఆడపడుచుతో చెప్పింది.

"పేరు గొళ్ళెం."

"ఎవరి పేరు వదినా?"

"దీని పేరు." కట్టు కట్టిన చేత్తో కడుపు చూపించింది.

"నీకు మతిపోయిందా? మగపిల్లాడైతే నలుగురూ నవ్వుతారు. ఆడపిల్లయితే పెళ్ళి కాదు."

"కాకపోతే మానె. ఆడైతే ఒకటి, మగైతే ఒకటి వెతకనా? జరిగింది ఒకటే."

"అన్నయ్య పేరు పెట్టుకోరాదూ?"

"మీ అన్నయ్య పేరు వాడు రోజూ పిలిచాడు. ఏం అడ్డం రాలేదు వాడికి. ఈ పేరు పిలవనీ. నా బిడ్డ ఆ గేటు ముందు నిలబడిన రోజున వాడి నోట ఈ మాట రావాలి. అది ఎటువైపు ఉండేదో కూడా వాడే చెప్పాలి."

పుట్టింది ఆడపిల్ల. పేరు నమోదు చేసే గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని అడిగాడు.

"పేర్లకు కరువొచ్చిందా అమ్మా?"

"రాలేదండీ. ఇదొకటి మిగిలింది."

"పెద్దయ్యాక నిన్ను తిట్టుకుంటుంది."

"తిట్టుకోనీండి. తిట్టేటప్పుడైనా ఎందుకు పెట్టానో గుర్తొస్తుంది."

తిట్టుకుంది కూడా. బడిలో పిల్లలు ఆమె రాగానే తలుపు వేసి, "మా గొళ్ళెం బయట ఉండిపోయింది, మేం ఎలా రావాలి" అని లోపలినుంచి ఏడుపులు నటించేవారు. ఒక టీచరు జాలిపడి పువ్వు పేరు ఒకటి పెట్టి పిలవడం మొదలుపెట్టింది. తల్లి బడికి వచ్చి, "పువ్వులు మా ఇంట్లో లేవమ్మా" అని చెప్పి వెళ్ళింది. అప్పటికి తల్లి కార్ఖానాలో లేదు. విచారణ అయిన మర్నాటి నుంచి ఆమెను పిలవలేదు. ఇళ్ళల్లో దుప్పట్లు ఉతికేది. కుడిచెయ్యి పూర్తిగా తెరుచుకునేది కాదు. ఏదో పట్టుకున్నట్టే ఉండేది.

ఇతర పిల్లలకు కథలు చెప్పి నిద్రపుచ్చేవారు. ఈమెకు ఒకటే కథ. వేడిగది, తలుపు, కారు. కథ అయ్యాక తల్లి అడిగేది.

"నీ పేరు ఎటువైపుది?"

"బయటివైపుది."

"పడుకో."

తల్లి ఆమెను చిట్టీ అనలేదు, తల్లీ అనలేదు. జ్వరం వచ్చి ఒళ్ళు కాలుతున్నప్పుడు కూడా నుదుటిమీద తడిగుడ్డ వేస్తూ గొళ్ళెం అనే పిలిచింది. పక్కింటి స్నేహితురాలితో ఆమె ఒకసారి అంది: "అందర్నీ అమ్మలు కన్నారే. నన్ను మా అమ్మ బిగించింది."

వయసు వచ్చాక యజమాని మాట ప్రకారం ఆమెను కార్ఖానాలో మడత బల్లకు తీసుకున్నారు. మొదటిరోజు పొద్దున్నే వెళ్ళి గేటు ముందు నిలబడింది. మేస్త్రీ మెట్టెక్కాడు. మీసం నెరవడం మొదలైంది. గొంతు అలాగే ఉంది. ఒక్కొక్క పేరూ పిలిచాడు. జనం ఉన్నా, ఉన్నా అంటూ లోపలికి నడిచారు. చివరికి ఆమె ఒక్కతే మిగిలింది. మేస్త్రీ ఆమె తలమీదుగా రోడ్డు చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కాపలావాడు వచ్చి, "అమ్మాయ్, ఎందుకీ ఎండలో, నిన్ను పిలవడు" అన్నాడు.

"పిలిచేదాకా ఉంటాను బాబాయ్. నాకు ఇంట్లో వేరే పనేం లేదు. పుట్టిందే దీనికి."

యజమాని కారులో వస్తూ పోతూ ఆమెను చూశాడు. తను ఇచ్చిన మాట గేటు ముందు ఎండలో నిలబడి ఉండటం అతనికి బాగాలేదు. మేస్త్రీకి చెప్పాడు. మర్నాడు మేస్త్రీ అందరినీ పిలిచాక ఆగి, "మడత పిల్లా, రా" అన్నాడు.

ఆమె కదల్లేదు. "అది నా పేరు కాదండీ."

"పేరులో ఏముందమ్మా, పని కావాలా వద్దా?"

"పేరులో ఏముందో మీకు తెలుసండీ."

గేటు లోపలికి వెళ్తున్నవాళ్ళు అడుగు నెమ్మది చేశారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. అందరి వీపులూ వింటున్నాయి.

ఆ మర్నాడు కొత్త ఏర్పాటు వచ్చింది. ఆడవాళ్ళ పేర్లు ఇకనుంచి మడత బల్ల పెద్దక్క పిలుస్తుంది, మగవాళ్ళను మాత్రమే మేస్త్రీ పిలుస్తాడు. గొంతు నొప్పి అని కారణం చెప్పాడు. ఒక్క పేరు నోట పలకకుండా ఉండటానికి సగం పిలుపు వదులుకున్నాడు. అప్పటిదాకా అతనికి భయపడిన ఆడవాళ్ళు ఆ రోజు నుంచి పెద్దక్కకు భయపడటం మొదలుపెట్టారు. పెద్దక్కకు ఎవరూ భయపడనక్కర్లేదని తెలుసుకున్నాక అసలు భయపడటమే మానేశారు.

పెద్దక్క లావుపాటి మనిషి. గొంతు ఇంకా లావు. ఆ పేరు కథ ఆమెకు తెలుసు. విచారణ రోజున నేలచూపులు చూసినవాళ్ళలో ఆమె అన్న ఉన్నాడు. అన్ని పేర్లూ ఒకసారి పిలిచేది. ఈ పేరు మాత్రం రెండుసార్లు పిలిచేది. మొదటిసారి గొళ్ళెం వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేది. రెండోసారి పెద్దక్క మేస్త్రీ వైపు తిరిగి పిలిచేది. మేస్త్రీ ఆ సమయానికి ఏదో పనున్నట్టు గేటు తాళం చూసుకునేవాడు.

ఆమె తల్లి సాయంత్రం అడిగేది. "పిలిచాడా?"

"లేదు."

"చెవులు?"

"ఎర్రబడ్డాయి."

తల్లి తల ఆడించేది. అన్నం పెట్టేది.

ఆ కార్ఖానాలో ఏదీ పారేయరు. పాత ఇనుము మరో చోట కొత్త ఇనుము అవుతుంది. విచారణకు ముందు వేడిగది తలుపు నుంచి ఊడదీసిన గొళ్ళేన్ని వడ్రంగి ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకు లోపలివైపు బిగించాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. మేస్త్రీ ఆడవాళ్ళ మరుగుదొడ్డి లోపలికి వెళ్ళడు గనక అతనికి తెలియలేదు. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉంది. పనిలో చేరిన మొదటి వారంలోనే ఆమె దాన్ని గుర్తుపట్టింది. చివర వంకర, తల్లి చెప్పినట్టే. తలుపు వేసుకుని చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడింది. బయట పెద్దక్క తలుపు తట్టింది.

"ఏమే, నీ తోబుట్టువు కనపడిందా?"

పెద్దక్కకు అదీ తెలుసు.

అప్పటినుంచి ఆమె యంత్రాల నూనె దూదిలో ముంచి తెచ్చి దానికి రాసేది. తుప్పు పట్టనిచ్చేది కాదు. ఆడవాళ్ళు నవ్వేవారు. "మీ అక్క ఇవాళ కొంచెం బిగుసుకుందే, నూనె పెట్టు" అనేవారు. పైవాళ్ళెవరికీ చూపించలేదు, ఎవరి దగ్గరా రుజువు అనలేదు. మరుగుదొడ్డి తలుపు తెచ్చి ఏ పెద్దమనిషి ముందు పెట్టాలి?

బాయిలరు దగ్గర పనిచేసే ఒకతను ఆమెను పెళ్ళి చేసుకుంటానన్నాడు. అతని తల్లి పేరు మార్చుకోమంది. ఆమె ఒప్పుకోలేదు. పెళ్ళి తప్పిపోయేలా ఉంది. బాయిలరతను తల్లితో, "తలుపులాంటి వాణ్ణి నేను, ఎప్పుడూ తెరిచే ఉంటాను, నాకు గొళ్ళెం లేకపోతే ఎలాగే" అన్నాడు. తల్లికి నవ్వొచ్చింది. పెళ్ళి అయింది. అతను మంచివాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి అడిగాడు.

"ఆ ముసలాడు పోతే పేరు మార్చుకుంటావా?"

"పోడు."

"అందరూ పోతారు."

"చెప్పందే పోనివ్వను."

అతను పక్కమీద కొంచెం ఇవతలికి జరిగాడు.

తల్లికి జబ్బు చేసింది. ఆఖరి రోజుల్లో మాట పలచబడింది. కూతురు పక్కనే కూర్చునేది. ఇప్పుడైనా ఇంకో మాట వస్తుందేమో, అమ్మా అనో, తల్లీ అనో, అని చెవి దగ్గర పెట్టి వినేది. తల్లి పూర్తిగా తెరుచుకోని కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది.

"గొళ్ళెం" అంది.

"ఉన్నా" అంది కూతురు, గేటు దగ్గర అన్నట్టే.

తల్లి పోయాక కోపం రెండింతలైంది. తల్లి వంతు కూడా ఇప్పుడు తనే మోయాలి. తనను ఇలా చేసిన తల్లి మీది కోపం కూడా వెళ్ళాల్సిన చోటు ఒకటే. అన్నీ కలిసి మేస్త్రీ మీదికే వెళ్ళాయి.

మేస్త్రీ పని విరమించే రోజు వచ్చింది. వెళ్ళిపోయే మేస్త్రీ చివరిరోజున చివరి పిలుపు పిలవడం అక్కడి అలవాటు. ఆడా మగా అందరినీ తనే పిలవాలి. గేటు ముందు కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. ముసలి యజమాని పోయాడు. కొడుకు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన మేస్త్రీ భార్య. మెత్తటి మనిషి, కొంచెం చెవుడు. ఎప్పుడూ కార్ఖానాకు వచ్చింది కాదు. ఒళ్ళో పూలగుత్తి పెట్టుకుని అందరికేసి చూసి నవ్వుతోంది.

మేస్త్రీ మెట్టెక్కాడు. కాగితం లేదు. మగవాళ్ళను పిలిచాడు. ఉన్నా, ఉన్నా. ఆడవాళ్ళను పిలిచాడు. పెద్దక్క దగ్గర్నుంచి నిన్నమొన్న చేరిన పిల్లల దాకా అందరి పేర్లూ తప్పు లేకుండా వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు. మేస్త్రీ మీసం నిమురుకుని మైకు దించబోయాడు.

గేటు బయట ఆమె ఒక్కతే నిలబడి ఉంది. మొదటిరోజు నిలబడిన చోటే.

లోపలికి వెళ్ళిన పెద్దక్క తిరిగి బయటికొచ్చి ఆమె పక్కన నిలబడింది. మడత బల్లవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. వాళ్ళ వెనక మగవాళ్ళు కొందరు వచ్చారు.

"ఒకరు మిగిలారు మేస్త్రీగారూ" అంది పెద్దక్క.

యజమాని కొడుక్కి కథ తెలియదు. సరదా మనిషి. "ఏం మేస్త్రీగారూ, మంగలిని పిలవమంటారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మీసం పందెం తెలియనివాళ్ళు అక్కడ లేరు.

మేస్త్రీ చెమట తుడుచుకున్నాడు. "వయసైపోయిందండీ. ఆ అమ్మాయి పేరు... నోట్లోనే ఉంది, రావడం లేదు."

"నోట్లోనే ఉందండీ" అంది ఆమె. "చాలా ఏళ్ళనుంచి అక్కడే ఉంది."

"నువ్వే చెప్పమ్మా, నీ పేరు."

"నేను చెప్పకూడదండీ. మీరు పిలవాలి. కావాలంటే పొడుపుకథ వేస్తాను, విప్పండి. తలుపుకు ఉంటుంది, తాళం కాదు. లోపలివాళ్ళు పెట్టుకుంటే కాపలా. బయటివాళ్ళు పెడితే చావు. ఏమిటది?"

నవ్వులు ఒక పక్కనుంచి ఆగుతూ వచ్చాయి. పాతవాళ్ళు ముందు ఆగారు. మేస్త్రీ మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

ముందు వరసలోంచి అతని భార్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, తెలిసినదే అయినందుకు సంతోషించి, భర్తకు సాయం చేయబోయింది.

"గొళ్ళెం కదండీ. గొళ్ళెం అనండి."

మేస్త్రీ భార్యను చూశాడు. ఆమె నవ్వుతూ తల ఆడించింది, అనండి అన్నట్టు. మీసం కింద పెదవులు తడుపుకున్నాడు.

"గొళ్ళెం" అన్నాడు. మైకులో అది గేటు దాటి రోడ్డు దాకా వినపడింది.

ఆమె ఉన్నా అనలేదు.

"ఎటువైపుదండీ?"

మేస్త్రీ చేతుల్లో మైకు ఒకసారి కీచుమంది.

"అడుగుతోంది కదండీ, చెప్పండి" అంది భార్య. "ఎటువైపుదట?"

అతను తల దించుకున్నాడు. చాలా చిన్నగా అన్నాడు. మైకుకు చిన్న గొంతు, పెద్ద గొంతు తేడా లేదు.

"బయట."

"ఉన్నా" అంది ఆమె. అతని పక్కనుంచే మెట్టెక్కి లోపలికి వెళ్ళింది. బల్ల మీద బట్ట పరిచి మడత వేయడం మొదలుపెట్టింది.

తర్వాత ఎవరూ ఏమీ చేయలేదు. విచారణ చేసినవాళ్ళు ఎప్పుడో పోయారు. యజమాని కొడుకు పాతవాళ్ళను పిలిచి కథ అడిగి, విని, తనకు పనుందని వెళ్ళిపోయాడు. ఆమె తండ్రి మాత్రం ఆ రోజు నుంచి నిద్రపోయినవాడు కాదు. అది ఒక్కటే మారింది. ఇంటికి వచ్చాక బాయిలరతను అడిగాడు.

"తీరిందా?"

"ఎంగిలిపడ్డట్టుంది" అంది. "ఆకలి అలాగే ఉంది."

మర్నాడు ఆమె భర్త దగ్గర స్క్రూడ్రైవరు తీసుకుని మరుగుదొడ్డి గొళ్ళెం ఊడదీసింది. దాని చోట కొత్తది బిగించింది. పాతదాని మీద పొరలు పొరలుగా ఉన్న రంగు గీకేసింది. నూనె పట్టించి, తెల్లబట్టలో కార్ఖానా మడత వేసి మేస్త్రీ ఇంటికి తీసుకెళ్ళింది. విరమించినవాళ్ళకు తలా ఒక కానుక ఇవ్వడం మామూలే. అందరూ గోడగడియారాలు, దుప్పట్లు ఇచ్చారు.

భార్య తలుపు తీసింది. నిన్నటి నవ్వు ముఖాన లేదు. ఆ రాత్రి అతన్ని అడిగినట్టుంది, తెలుసుకున్నట్టుంది.

"మేస్త్రీగారికండీ. కార్ఖానా గుర్తుగా."

ఆవిడ అందుకుంది. "బరువుగా ఉందే."

"అవునండీ. ఇన్నాళ్ళూ మేం మోశాం."

ఆవిడ మడత విప్పలేదు. విప్పకుండానే, "ఇది ఎక్కడ పెట్టనమ్మా?" అంది.

"మీ ఇష్టమండీ. ఎటువైపైనా పడుతుంది."

కార్ఖానాకు వెళ్ళడానికి దగ్గరదారి వేరే ఉంది. ఆమె ఆ రోజునుంచి మేస్త్రీ వీధిలోంచే వెళ్ళేది. అరుగుమీద కూర్చున్న మేస్త్రీ ఆమెను చూసి లోపలికి వెళ్ళిపోయేవాడు. పెద్దక్కను కూడా తనతో ఆ దారినే రమ్మనేది. పెద్దక్క ఆ ఇంటి ముందుకు రాగానే వెనకబడి, "గొళ్ళెం, ఆగవే, నడవలేను" అని కేకేసేది. రోజూ అక్కడే నడవలేకపోయేది.

కొన్నేళ్ళకు మేస్త్రీకి మతి తప్పడం మొదలైంది. పొద్దున్నే లేచి కార్ఖానా గేటు దగ్గరికి వెళ్ళి మెట్టు మీద నిలబడి పేర్లు పిలిచేవాడు. చాలావరకు పోయినవాళ్ళ పేర్లు. ఎవరూ ఉన్నా అనకపోతే తిట్టేవాడు. కాపలావాడు రిక్షా ఎక్కించి ఇంటికి పంపేవాడు. రోడ్డు మీద ఏ బండో కొడుతుందని భార్యకు భయం. వీధి వైపు ఉన్న అతని గది తలుపుకు బయట గొళ్ళెం బిగించింది. ఇంట్లో ఉన్నదే బిగించింది.

ఒక మధ్యాహ్నం ఆమె కార్ఖానాకు సెలవు పెట్టి బజారుకు వెళ్ళి కూరగాయల సంచీతో ఆ వీధిలోంచి వస్తోంది. మేస్త్రీ గది తలుపు లోపలినుంచి ఎవరో కొడుతున్నారు. పిడికిలితో కాదు, అరచేతులతో. ఆమె ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. అయినా గుర్తుపట్టింది.

గుమ్మం ముందు ఆగింది. నల్లటి పట్టీ, చివర వంకర. కొక్కెం మీద పడి ఉంది. ఎండలో మెరుస్తోంది.

"ఎవరన్నా ఉన్నారా?" లోపలినుంచి గొంతు.

"ఉన్నా" అంది.

చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు?"

ఆమె పేరు చెప్పలేదు. తలుపుకు అవతల ఊపిరి వినపడుతోంది. ఇక కొట్టలేదు. అడగలేదు. బట్టలు చెక్కకు రాసుకుంటూ కిందికి జారిన చప్పుడు. తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆమె అరచెయ్యి గొళ్ళెం మీద పెట్టింది. ఎండకు వెచ్చగా ఉంది, కాలేంత కాదు. కొంచెం పైకెత్తి లాగితే వస్తుంది. ఎత్తలేదు. చెయ్యి తీసి, సంచీ పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. తలుపుకు అటు అతను, ఇటు ఆమె. వీధిలో ఎవరో సైకిలు తొక్కుకుంటూ పోయారు.

మేస్త్రీ భార్య మందుల పొట్లంతో వచ్చింది. మెట్టు మీద ఆమెను చూసి ఆగింది.

"ఎంతసేపైందమ్మా వచ్చి?"

"చాలాసేపైందండీ."

"లేచాడా? పిలిచాడా?"

"తలుపు కొట్టారు."

"తీయకపోయావా? గొళ్ళెం బయటే ఉందిగా."

ఆమె లేచి బట్టలు దులుపుకుంది.

"పేరు పెట్టి పిలవందే తలుపు దాటడం మాకు అలవాటు లేదండీ."

ముసలావిడ గొళ్ళెం ఎత్తి లాగింది. ఇన్నేళ్ళ నూనె దాని ఒంట్లో ఉంది. చప్పుడు చేయకుండా వచ్చేసింది.

ఆమె సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడూ ఆ వీధిలోంచే వెళ్ళింది.